మన సంఘం వార్షిక నివేదిక, కడప

అధ్యక్షులకు, సభ్యులందరికీ నమస్కారం, సలాం.

నెలనెలా జరిగే పుస్తక పఠనాలు ఎప్పటిలాగే జరిగాయి. రంజాన్ నెలలో మాత్రం ఆపాం. ఈ ఏడాది చెప్పుకోవాల్సింది పిల్లల కథల సభ గురించి.

2075లో మన కడప ఎలా ఉంటుందో కథ రాయమన్నాం. మొదట వచ్చినవన్నీ రాకెట్లు, రోబోలే. ఒక్క కథలోనూ మన వీధి లేదు, బుర్ఖా వేసుకున్న నానీ లేదు. అందుకే రెండు ఆదివారాలు కూర్చోబెట్టి బెంగాలీ రచయిత్రి రొకెయా సఖావత్ హుస్సేన్ కథ ‘సుల్తానాస్ డ్రీమ్’ తెలుగులో చెప్పాం. 1905లో మద్రాసు పత్రికలో అచ్చయిన కథ అది. ఆడవాళ్లే పాలించే ఆ దేశంలో ఎండతోనే వంట చేస్తారు. ఓర్వకల్లు సోలార్ పార్కు చూసొచ్చిన పిల్లలు ఆ మాట వినగానే లేచి నిలబడ్డారు. కాలజ్ఞానం చెప్పిన బ్రహ్మంగారి మఠం మన జిల్లాలోనే ఉంది, ఆయన ప్రియశిష్యుడు సిద్దయ్య దూదేకులవాడు. రేపటి గురించి మాట్లాడటం మనకేం కొత్త కాదు.

‘గైబ్, అంటే కంటికి కనపడని రేపటి సంగతి, అల్లాకే తెలుసు కదా, పిల్లలతో ఇదేం రాయిస్తున్నారు?’ అని ఒక పెద్దాయన అడిగారు. ఇది జోస్యం కాదు, ఇన్షా అల్లా అంటూనే రేపటికి విత్తనాలు దాచుకుంటాం కదా, అలాంటిదే అని చెప్పాం. సభ రోజు ఆయనే ముందు వరసలో కూర్చున్నారు.

ఇంటర్ చదివే అమ్మాయి లెక్కల నోట్సు వెనక పేజీల్లో రాసుకొచ్చి చదివింది. ఆమె కథలో మొహల్లా నీళ్ల వంతులు చూసేది చదువు రాని దాదీ. ట్యాంకును వేలితో కొట్టి, శబ్దాన్ని బట్టి నీళ్లెంతున్నాయో చెబుతుంది. మిషన్లు తప్పు చెప్పినా దాదీ తప్పు చెప్పదు. హాలంతా నిశ్శబ్దమైపోయింది.

వస్తానన్న అధికారి రాలేదు. పిల్లలు రెండు గంటలు ఎదురుచూశారు, అది నాకు చాలా బాధ కలిగించింది. పేర్లిచ్చిన వాలంటీర్లు ఇరవైమంది, వచ్చింది ఆరుగురు. ఆ ఆరుగురే కుర్చీలు మోశారు, మైకు కట్టారు. వాళ్లకు, ఉగ్గాని బజ్జీ చేసి పంపిన అక్కలకు, ఉచితంగా హాలిచ్చిన వారికి, పిల్లలను పంపిన తల్లులకు ధన్యవాదాలు.

జమాఖర్చుల పట్టిక జత చేశాం, ఖజాంచి గారు చదువుతారు.

కథలన్నీ చిన్న పుస్తకంగా వేయాలనుకుంటున్నాం. చేతిరాత ప్రతులను టైపు చేయగలిగినవాళ్లు ఈ సమావేశం అయిపోయేలోపు నాకు పేరివ్వండి. ఇచ్చినవాళ్లు దయచేసి రండి.

కార్యదర్శి