ఆ 950 రూపాయల జత ఇక మన కొట్లో ఉండదు

గాజువాకలో మన దగ్గర సేఫ్టీ షూ కొనుక్కునే ఫిట్టర్లకీ, వెల్డర్లకీ, రిగ్గర్లకీ, ఆటోనగర్ షెడ్ల వాళ్లకీ, పరవాడ కంపెనీల్లో కాంట్రాక్టు మీద చేసేవాళ్లకీ ఈ మాట నా నోటే తెలియాలి. పోయిన వానాకాలం నుంచి అమ్మిన 950 రూపాయల నల్ల జత సోలు విరిగిపోతోంది. అరగడం కాదు, విరగడం. మడమ దగ్గర పెచ్చు ఊడి, లోపల్నుంచి ఎండిన కేకులా పొడి రాలుతోంది. అమ్మినవి 64 జతలు, వెనక్కొచ్చినవి 23. మిగతా 41 ఇంకా మీ కాళ్లకే ఉన్నాయి.

మొదట వచ్చిన ముగ్గురితో "నూనెలో తొక్కుంటారు, ఎండలో పడేసుంటారు" అన్నాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను. మీ వాడకంలో తప్పు లేదు.

ఆ సోలు పాలీయురేథేన్, మనం పీయూ అంటాం. తేలిక, మెత్తన, పన్నెండు గంటలు నిలబడ్డా పాదం మంట పుట్టదు. దాని రోగం ఒక్కటే, తేమ. గాల్లో ఉన్న నీటి ఆవిరి మెల్లగా లోపలికి దిగి ఆ పదార్థాన్ని విడగొడుతుంది. తొడుక్కున్నా, డబ్బాలో పెట్టినా ఆగదు. నిజానికి వాడకుండా ప్లాస్టిక్ కవర్లో చుట్టి మూల పెట్టిన జతే తొందరగా పోతుంది, లోపలి తేమ బయటికి పోయే దారి ఉండదు గనక. మామూలుగా తయారైన దగ్గర్నుంచి మూడు నుంచి ఐదేళ్లు దాని ఆయుష్షు. అంటే పీయూ సోలుకి వయసు మీరు కొన్న రోజు నుంచి కాదు, అచ్చులో పోసిన రోజు నుంచి మొదలవుతుంది.

ఆ వయసు చూసే చోటు ఉంది. జత తిరగేయండి. పాదం వంపు దగ్గర రూపాయి బిళ్లంత గుండ్రటి అచ్చు కనపడుతుంది. చుట్టూ 1 నుంచి 12 అంకెలు, నడుమ బాణం, బాణానికి అటొకటి ఇటొకటి రెండంకెలు. బాణం చూపేది నెల, ఆ రెండంకెలు సంవత్సరం. విరిగిన జతల నాలుక మీద స్టిక్కరు 2025 మార్చి అంటోంది. సోలు మీద అచ్చు మాత్రం 21 అంటోంది.

నాలుగేళ్ల పాత సరుక్కి కొత్త స్టిక్కరు, కొత్త డబ్బా. డీలరుని అడిగితే "మీది సముద్రం పక్కన ఊరు, అక్కడి గాలికి ఏ సోలూ ఆగదు" అన్నాడు. మా గాలి సంగతి మాకు తెలుసు, ఇనుప గేట్లు ఏడాదికోసారి రంగు వేయించుకునే ఊరు మాది. అందుకే కదా కొత్త లాటు కావాలని ఆర్డరు రాసిచ్చింది. ఆ తర్వాత "సోలు అచ్చు పాతది, మార్చడం మరిచాం" అన్నాడు. ఆ తర్వాత ఫోనెత్తడం మానేశాడు. ఇరవై మూడు జతల డబ్బూ నా మీదే పడింది, పడనీ. కానీ స్టిక్కరు చూసి, సోలు తిరగేయకుండా అరలో పెట్టింది నేను. అదీ రాయాల్సిందే.

"ఐఎస్ఐ గుర్తు ఉంది కదా" అని చాలామంది అడిగారు. ఉంది, దొంగది కాదు. గుర్తు కింద సీఎం/ఎల్ అని మొదలయ్యే లైసెన్సు నంబరుని, ఆ గుర్తు ఇచ్చే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే కంపెనీ పేరు సరిగ్గానే వస్తోంది. ఈ షూలకున్న ప్రమాణం ఐఎస్ 15298, అందులో రెండో భాగం అని రాసుంటే ముక్కు దగ్గరి ఇనుప టోపీ 200 జౌళ్ల దెబ్బ తట్టుకోవాలి, అంటే 20 కిలోల బరువు మీటరు ఎత్తు నుంచి పడ్డంత. మూడో భాగమైతే 100 జౌళ్లే. నాలుగో భాగమైతే అసలు టోపీయే ఉండనక్కర్లేదు, చూడ్డానికి మాత్రం అన్నీ ఒకేలా ఉంటాయి. చవగ్గా దొరికితే ముందు ఆ అంకె చూడండి. అయితే ఆ గుర్తు తయారీ నాణ్యత చెబుతుంది గానీ, సరుకు ఎన్నేళ్లు గోదాములో పడుందో చెప్పదు.

ఇక బదులు ఏం తేవాలన్న దగ్గరే నెలరోజులు తెగలేదు.

ఒక దారి పీవీసీ సోలు. జత 700కే అమ్మొచ్చు. తేమకి పొడైపోదు, ఆ మాట నిజం. కానీ బరువు, బండలా ఉంటుంది, నూనె పడ్డ నేల మీద జారుతుంది, వెల్డింగు రవ్వ పడితే కరిగి గుంట పడుతుంది. ఆ రేటులో తెమ్మని ఇప్పటికీ అడుగుతున్నారు. తేను. నీళ్లలో పనికి పీవీసీ గంబూట్లు వేరు, అవి ఎప్పట్లానే ఉంటాయి.

రెండో దారి నైట్రైల్ రబ్బరు సోలు. నేలకి తగిలేది రబ్బరు, దాని పైన మెత్తటి పీయూ పొర. నూనెకి ఉబ్బదు, తొందరగా అరగదు. హెచ్ఆర్ఓ అని గుర్తున్నదైతే 300 డిగ్రీల వేడికి ఒక నిమిషం ఆనినా ఓర్చుకుంటుంది. వెల్డర్లకీ, గ్యాస్ కటింగు చేసేవాళ్లకీ ఇదే సరి. ధర 1450. కొందరు అమ్మేవాళ్లు చెప్పని సంగతొకటి, రబ్బరు కింద ఉన్నంత మాత్రాన నడుమ ఉన్న పీయూకి తేమ తగలకుండా పోదు. పాత సరుకైతే రబ్బరు చెక్కుచెదరకుండా అట్టలా ఊడొస్తుంది. కాబట్టి దీనికీ తేదీ చూడాల్సిందే.

అందరికీ 1450 పెట్టమంటే కుదరదని నాకు తెలుసు. 2025 సెప్టెంబరు 22 నుంచి 2500 లోపు జతలకి జీఎస్టీ 5 శాతానికి దిగింది, అంతకుముందు వెయ్యి దాటితే 18 ఉండేది. ఆ తగ్గింపు నేను ఉంచుకోలేదు, ధరలోనే వేశాను. దాంతో రెండు పొరల పీయూ జత 1150కి పడుతోంది. పైపొర మెత్తన, కిందిపొర గట్టి. నిప్పు దగ్గర పని లేని ఫిట్టర్లకీ, డ్రైవర్లకీ, స్టోర్సు వాళ్లకీ ఇది చాలు. షరతు నాది నేను పెట్టుకున్నాను. అచ్చు మీద ఆరు నెలలు దాటిన జత అరలోకి ఎక్కదు. 950కీ దీనికీ తేడా 200. ఒక్కసారి ఇవ్వడం కష్టమైతే రెండు జీతాల్లో ఇవ్వండి, పుస్తకంలో రాసుకుంటాను. కానీ ఆ పాత 950 సరుకు తెచ్చి మళ్లీ మీ ముందు పెట్టను.

తోలు విషయంలో చిన్న పరీక్ష. నాలుక పక్కన కోసిన అంచు చూడండి. పైన పల్చటి ప్లాస్టిక్ పొర, దాని కింద అంతా నూగుగా ఉంటే అది స్ప్లిట్ తోలు, అంటే చీల్చిన తోలు కింది పొర, వేళ్లు వంగే చోట మూణ్ణెల్లకే పొర పగులుతుంది. బొటనవేలితో నొక్కినప్పుడు చుట్టూ సన్నటి ముడతలు పరుచుకుంటే అసలు తోలు. నాలుక రెండు పక్కలా కుట్టేసి ఉండాలి, లేకపోతే రవ్వలూ ఇసకా లోపలికే.

సైజు దగ్గరే ఎక్కువమంది డబ్బు పాడుచేసుకుంటారు. తోలు సాగుతుంది, ఇనుప టోపీ సాగదు. డ్యూటీ దిగాక సాయంత్రం రండి, పొద్దుట్నుంచి నిలబడ్డ పాదం కాస్త ఉబ్బి ఉంటుంది. పనిలో వేసుకునే సాక్సులే వేసుకు రండి. లేసు కట్టకముందు పాదం ముందుకి నెడితే మడమ వెనక ఒక వేలు దూరాలి. కట్టాక మడమ లేవకూడదు. తర్వాత కొట్లోనే గొంతుక్కూర్చోండి, సిగ్గుపడకండి. కూర్చున్నప్పుడు టోపీ వెనక అంచు వేళ్ల మొదట్లో కోసుకుంటే ఆ జత మీది కాదు, ఎంత చవకైనా వదిలేయండి. నిలబడి చూసినప్పుడు ఆ సంగతి బయటపడదు.

కరెంటు పనివాళ్లకి ఒక్క మాట. యాంటీస్టాటిక్ అని రాసున్నది షాకు నుంచి కాపాడేది కాదు, ఒంట్లోని స్టాటిక్ కరెంటుని నేలకి దించేది. సాల్వెంట్లు వాడే ఫార్మా షెడ్లకి అది మంచిది, లైవు లైను దగ్గరికి అది వేసుకు వెళ్లొద్దు.

తడిసిన జతని పొయ్యి పక్కన, మిట్టమధ్యాహ్నం ఎండలో ఆరబెట్టొద్దు. లోపలి అట్ట తీసేసి, పాత పేపరు ఉండలు కుక్కి ఫ్యాను కింద ఉంచండి. అట్ట చదునైపోతే అదొక్కటే మార్చుకోండి, 90 రూపాయలు. టోపీ మీద బరువైనది పడి సొట్టపోయిందంటే మాత్రం పైకి బాగున్నట్టున్నా ఆ జత పని అయిపోయినట్టే.

ఇక ఆ 41 జతల సంగతి. అచ్చులో 21 ఉంటే, సోలు ఇంకా విరక్కపోయినా తెచ్చేయండి. మెట్టు మీదో, నిచ్చెన మీదో ఉన్నప్పుడు మడమ ఊడితే అది డబ్బుతో పోయేది కాదు. బిల్లు అక్కర్లేదు. 950 వెనక్కి కావాలంటే వెనక్కి, 1150 జత కావాలంటే పైసా కట్టకుండా జత. ఆ 200 నాది. ఆరూ పదకొండూ సైజులు తక్కువున్నాయి, వారం ఆగాల్సి రావొచ్చు. ఎడమది ఒక్కటే పగిలిందని ఒక్కటే తేవద్దు, రెండూ తెండి.