క్యాచ్‌పిట్‌లోకి నీరు దిగుతోందా?

సంపాదకులకు నమస్కారం.

గట్టి వాన పడితే హైదరాబాద్ రోడ్ల మీద మోకాటి లోతు నీళ్లు నిలుస్తాయి. ఆ నీళ్ల అడుగునే ఎక్కడో ఇనుప జాలీ వేసిన క్యాచ్‌పిట్, అంటే రోడ్డు మీది వాననీరు దిగే గుంట, ఉంటుంది. తప్పంతా నాలాలదే (పెద్ద వాననీటి కాల్వలదే) అంటున్నారు గానీ, చాలాచోట్ల నీరు నాలా దాకా పోవడమే లేదు. 2020 అక్టోబరు వరదల తర్వాత నాలాల కోసం ఎస్‌ఎన్‌డీపీ (వ్యూహాత్మక నాలా అభివృద్ధి కార్యక్రమం) వచ్చింది, మంచిదే. రోడ్డు నీటిని నాలాలోకి దించే పిట్లు మాత్రం ఎస్టిమేటులో ఒక్క పద్దుతో సరి: 30 మీటర్లకు ఒకటి.

30 మీటర్లన్నది దాటకూడని దూరం. అంత దూరానికి ఒకటి వేస్తే చాలని కాదు. లెక్క చూడండి. గంటకు 60 మి.మీ. వాన, రోడ్డు సగం వెడల్పు 7 మీటర్లు, పిట్ల మధ్య 20 మీటర్లు అనుకుంటే ఒక్కో పిట్‌కు వచ్చేది సెకనుకు రెండు లీటర్లే. పక్కనున్న 30 మీటర్ల లోతు స్థలాల్లోని డాబాల నీళ్లూ రోడ్డు మీదికే వదిలితే అది 12 లీటర్ల దాకా అవుతుంది. మన కాలనీల్లో జరిగేది ఇదే. ఎస్టిమేటు వేసేది రోడ్డు నీటికి మాత్రమే!

600×450 మి.మీ. జాలీ కెర్బ్‌కు (రోడ్డు అంచు రాతిగట్టుకు) ఆనుకుని ఉండి, దాని మీద 5 సెం.మీ. నీరు నిలిస్తే సెకనుకు సుమారు 28 లీటర్లు దిగుతాయి. 2 సెం.మీ. నిలిస్తే ఏడే. ఆకులు, ప్లాస్టిక్ కవర్లు సగం మూసేస్తే అందులో సగం. అందుకని పల్లంలో ఒక్క జాలీని నమ్ముకోకూడదు. జంట జాలీలు వేసి, కెర్బ్‌లో పక్కనుంచి 100 నుంచి 150 మి.మీ. ఎత్తున నోరు తెరవాలి. జాలీ మూసుకుపోయినా నీరు అటు పోతుంది. వాలు రోడ్డు మీదైతే నీరు జాలీని దాటి పరుగెడుతుంది కాబట్టి పిట్లను దగ్గరదగ్గరగా వేయాలి, కూడలికి ఎగువనే ఒకటి ఉండాలి.

ఊచలు నీటి వాలుకు సమాంతరంగా ఉంటే నీరు బాగా దిగుతుంది, సైకిల్ చక్రం కూడా దిగుతుంది. ఊచలు ఏటవాలుగా, సందు 25 మి.మీ. మించకుండా ఉన్నది ఎంచుకోవాలి. పోత ఇనుము జాలీ తుక్కు కొట్టుకు చేరకుండా ఫ్రేముకు మడతబందు, తాళం తప్పనిసరి.

అసలు మోసం జరిగేది కింద, పిట్ నుంచి నాలాకు పోయే, ఎవరికీ కనబడని పైపులో. నాలుగంగుళాల పీవీసీ పైపు, నూటికి ఒకటి వాలులో, సెకనుకు ఏడు లీటర్లకు మించి మోయలేదు. ఒక్క కవరు అడ్డుపడితే అదీ లేదు. 225 మి.మీ. పైపైతే అదే వాలుకు 40 లీటర్లు దాటుతుంది. పైపు నోటికి కింద కనీసం 300 మి.మీ. పూడిక గుంట వదలాలి. లేకుంటే ఇసుక నేరుగా పైపులోకి పోతుంది, పైపును శుభ్రం చేయడం పిట్‌ను శుభ్రం చేసినంత తేలిక కాదు. గుంటలో నీరు నిలిస్తే దోమలు. మొరం నేలైతే అడుగున చిన్న రంధ్రం వేసి కింద కంకర పరిస్తే సరి. నల్లరేగడిలో మాత్రం నీరు ఇంకదు, అక్కడ తరచూ తోడాల్సిందే.

జాలీ పైమట్టం పక్క రోడ్డుకంటే 10 నుంచి 20 మి.మీ. దిగువన ఉండాలి. ఏళ్ల తరబడి పాత రోడ్డు గీకకుండా 40 మి.మీ. బీటీ (తారు పొర) మీద బీటీ వేస్తూ పోతే జాలీ గొయ్యిలో పడుతుంది, లేదా తారు కింద కప్పబడిపోతుంది. రీకార్పెటింగ్ పనిలోనే ఫ్రేములు సరిచేసే పద్దు చేర్చాలి. ఇక వానలకు ముందు తీసిన పూడికను పిట్ పక్కనే కుప్పపోసే అలవాటు గురించి ఏం చెప్పాలి? మొదటి వానకే అది వచ్చినచోటికే పోతుంది.

తుది బిల్లు చెల్లించే ముందు 5,000 లీటర్ల ట్యాంకరు తెప్పించి, పిట్‌కు ఎగువన సెకనుకు పది లీటర్ల చొప్పున వదలమనండి. ఎనిమిది నిమిషాల పని. జాలీ దాటి ఎంత పోయింది, అవతల నాలాలో ఎంత పడింది అన్నది ఏఈ (అసిస్టెంట్ ఇంజినీరు), కాలనీ సంఘం వాళ్లు కలిసి నిలబడి చూసి, ఆ తర్వాత సంతకం పెట్టవచ్చు.

– పురపాలక పనుల విశ్రాంత ఇంజినీర్లు, హైదరాబాద్