మూడు పార్టిషన్లు ఒక్కటయ్యాయి: సాయం చేసినవారికి కృతజ్ఞతలు

ఒకే హార్డ్‌డిస్క్‌లో 200, 300, 400 జీబీలుగా ముక్కలైన మూడు పార్టిషన్లు ఇప్పుడు లినక్స్‌లో ఎల్‌వీఎం (పార్టిషన్లను కలిపి ఒకే నిల్వగా వాడనిచ్చే ఏర్పాటు) కింద 900 జీబీల ఒకే వాల్యూమ్‌గా నడుస్తున్నాయి. కొత్త డిస్క్ కొనలేదు, ఒక్క ఫైలూ పోలేదు. ఓపిగ్గా దారి చూపిన అందరికీ పేరుపేరునా ధన్యవాదాలు. ఎవరి మాట ఎక్కడ అక్కరకొచ్చిందో రాసిపెడితే ఇదే పని తలపెట్టినవారికి ఉపయోగం.

మొదటి దండం "ఖాళీగా ఉన్నదానితో మొదలుపెట్టండి" అన్నవారికి. పీవీక్రియేట్ (పార్టిషన్‌ను ఎల్‌వీఎంకు అప్పగించే కమాండ్) చేశాక ఆ పార్టిషన్‌లోని పాత ఫైల్‌సిస్టమ్ (ఫైళ్లను అమర్చి ఉంచే ఏర్పాటు) మిగలదు. అందుకే మూడింటినీ ఒకేసారి కలపడం కుదరదు. ఇంటికి సున్నం వేసేటప్పుడు సామాను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి జరుపుకుంటూ పోతాం చూడండి, అదే పద్ధతి. 200 జీబీల ఖాళీ పార్టిషన్ మీద పీవీక్రియేట్, గ్రూపు చేయడానికి వీజీక్రియేట్, అందులోంచి వాల్యూమ్ తీయడానికి ఎల్‌వీక్రియేట్, ఆపైన ఈఎక్స్‌టీ4 ఫైల్‌సిస్టమ్. 300లో ఉన్న 150 జీబీల డేటాను ఆర్‌సింక్ అనే కాపీ కమాండ్‌తో అందులోకి కాపీ చేసి, 300ను వీజీఎక్స్‌టెండ్‌తో గ్రూపులో చేర్చాలి. ఎల్‌వీఎక్స్‌టెండ్‌తో పెంచి వాల్యూమ్ 500 అయ్యాక 400లోని 320 జీబీలు అందులోకి వెళ్తాయి. ఆఖరున ఆ 400 కూడా చేరుతుంది.

చిక్కంతా సైజుల దగ్గరే వచ్చింది. ఎల్‌వీక్రియేట్‌కు పెద్ద ఎల్‌తో 200జీ అని ఇస్తే చోటు చాలదంటుంది: 51,200 ఎక్స్‌టెంట్లు (ఎల్‌వీఎం చోటును పంచే ముక్కలు) కావాలి, ఉన్నవి 51,199. ఒక్కో ఎక్స్‌టెంట్ 4 ఎంబీ. ఎల్‌వీఎం తన లెక్కల పట్టీ కోసం పార్టిషన్ మొదట్లో కొంత చోటు తీసుకోవడంతో ఒకటి తగ్గుతుంది. చిన్న ఎల్‌తో 100%ఫ్రీ అని ఇస్తే గొడవే లేదు.

ఇక 5% రిజర్వ్ సంగతి గుర్తుచేసిన అన్నకు ప్రత్యేకంగా. 500లో 150 పోతే 350 ఉండాలి కదా, 320 ఎందుకు పట్టదు? ఈఎక్స్‌టీ4 రూట్ (అడ్మిన్ యూజర్) కోసం 25 జీబీలు పక్కన పెడుతుంది, ఐనోడ్ పట్టికలకు (ఫైళ్ల వివరాలు రాసుకునేవి) ఇంకో 8 దాకా పోతాయి. మామూలు యూజర్‌కు మిగిలేది 317. ట్యూన్2ఎఫ్ఎస్ కమాండ్‌తో రిజర్వ్‌ను 1%కి దించితే 337 దొరుకుతాయి. డేటా దాచే వాల్యూమ్‌కు అంతకన్నా రిజర్వ్ అక్కర్లేదు.

ఎల్‌వీఎక్స్‌టెండ్ తర్వాత కూడా డీఎఫ్ (చోటు ఎంతుందో చూపే కమాండ్) పాత సైజే చూపిస్తే, కమాండ్‌లో మైనస్ చిన్న ఆర్ మరిచారన్నమాట. వాల్యూమ్ పెరిగింది, ఫైల్‌సిస్టమ్ పెరగలేదు. రీసైజ్2ఎఫ్ఎస్ నడిపితే సరి, అన్‌మౌంట్ చేయనక్కర్లేదు.

స్ట్రైపింగ్ (డేటాను ముక్కలు చేసి పార్టిషన్లన్నిటి మీదా పరచడం) వద్దని గట్టిగా వారించినవారి మాటా నిజమే. పార్టిషన్లన్నీ ఒకే డిస్క్‌లో ఉన్నప్పుడు హెడ్ అటూ ఇటూ పరిగెత్తి వేగం తగ్గుతుంది తప్ప లాభం లేదు. ఏ ఆప్షనూ ఇవ్వకపోతే లీనియర్‌గానే (ఒకదాని తర్వాత ఒకటిగా) వస్తుంది.

ప్రతి పార్టిషన్‌నూ చెరిపేముందు ఆర్‌సింక్‌ను చెక్‌సమ్ (ఫైళ్లలోని డేటానే పోల్చడం), డ్రైరన్ (కాపీ చేయకుండా చూడటం), వెర్బోస్ (పేర్లు చూపడం) ఆప్షన్లతో మరోసారి నడపండి. ఏ ఫైలు పేరూ రాకపోతేనే అన్‌మౌంట్ చేసి ముందుకెళ్లండి. ఎఫ్ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో మౌంట్ చేయాల్సినవాటి జాబితా) పాత యూయూఐడీ (పార్టిషన్ గుర్తింపు సంఖ్య) వరుసలు తీసేయండి. లేదంటే రీబూట్‌లో లేని పార్టిషన్ కోసం 90 సెకన్లు చూసి ఎమర్జెన్సీ మోడ్‌లో ఆగిపోతుంది.

చివరి సలహా ఇచ్చినవారు చెప్పినట్టే ఈటీసీలోని ఎల్‌వీఎం ఫోల్డర్‌నూ (ఎల్‌వీఎం లెక్కల కాపీలు ఉండేది) పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించాం. అసలు డేటాకు బ్యాకప్ మాత్రం వేరే డిస్క్‌లోనే.