పదిహేడేళ్ల సివిక్‌కు నిజమైన పరీక్ష కావాలి

సంపాదకులకు నమస్కారం.

పదిహేనేళ్లు దాటిన కారు ఏదైనా తుక్కుతో సమానమని, పాత స్పోర్ట్స్ సెడాన్లు కొనేవారైతే రాత్రిపూట రోడ్లపై హోరెత్తించడానికే కొంటారని మీ పత్రిక లేఖల శీర్షికలో ఈ మధ్య ఒక పాఠకుడు రాశారు. సైలెన్సర్ మార్చి వీధిని నిద్రలేపే కుర్రవాళ్లు మా కాలనీలోనూ ఉన్నారు కనుక ఆయన కోపం అకారణమని అనను. అయితే 2009లో తయారైన హోండా సివిక్‌ను 2017లో సెకండ్ హ్యాండ్‌గా కొని, హనుమకొండ నుంచి జనగామ దారిలో రానూపోనూ రోజుకు అరవై కిలోమీటర్లు ఉద్యోగానికి తిరుగుతున్న మనిషిగా, ఈ విషయంలో నాకు తెలిసినది కొంత వివరంగా చెప్పాలనిపించి ఈ ఉత్తరం రాస్తున్నాను. కొన్ననాడు 61,000 కిలోమీటర్లు తిరిగి ఉన్న బండి ఇప్పుడు 1,68,000 దాటింది. ఉమ్మడి రాష్ట్రం నాటి ఏపీ నంబరు ప్లేటుతోనే నేటికీ నడుస్తోంది.

ఈ తరం సివిక్ మన దేశంలో 2006 జూలైలో విడుదలైంది, 2013 దాకా అమ్మకంలో ఉంది. 1,799 సీసీ పెట్రోలు ఇంజన్, 132 హార్స్‌పవర్ శక్తి, ఐదు గేర్లు, పైన అంకెల్లో బండి వేగాన్ని, కింద గుండ్రని ముల్లుతో ఆర్‌పీఎంను, అంటే ఇంజన్ నిమిషానికి ఎన్నిసార్లు తిరుగుతోందో చూపే రెండంతస్తుల డ్యాష్‌బోర్డు దీని గుర్తులు. సాధారణంగా ఈ తరహా ధరలోని కార్లకు వెనక చక్రాలు రెండూ ఒకే ఇరుసు దూలానికి కలిసి ఉంటాయి. ఇందులో దేనికది విడిగా కదులుతుంది కనుక, ఒకవైపు చక్రం గతుకులో పడినా రెండోవైపు బండి కుదురు తప్పదు. మలుపులో స్టీరింగ్ తిప్పినంత మేరకు బండి పక్కకు ఒరగకుండా తిరగడం, మూడో గేరులో లారీని దాటడానికి కాలు నొక్కగానే ఇంజన్ ఒళ్లు విరుచుకుని లేవడం రోజూ నడిపేవాడికి ఎంత తృప్తినిస్తాయో మాటల్లో చెప్పడం కష్టం. ఇంతకంటే ముఖ్యమైన సంగతి ఒకటుంది. ఈ ఇంజన్‌లో వాల్వులు తెరుచుకుని మూసుకునే తీరును మార్చే ఐ-వీటెక్ అనే ఏర్పాటును పరుగు కోసం కాక పొదుపు కోసం రూపొందించారు. యాక్సిలరేటర్‌ను తేలికగా తొక్కి నిలకడగా పోతున్నప్పుడు గాలిని లోపలికి వదిలే ఇన్‌టేక్ వాల్వులు ఆలస్యంగా మూసుకుంటాయి, దాంతో గాలిని పీల్చడానికి ఇంజన్ వృథాగా పడే శ్రమ తగ్గుతుంది. అందువల్లనే హైవేపై ఎనభై వేగంలో నాకు లీటరుకు పద్నాలుగు కిలోమీటర్ల దాకా వస్తుంది. ఊళ్లో తిరిగితే మాత్రం పదికి మించదు.

ఇలాంటి కార్లను కొన్నవారిలో చాలామంది ఏడాది తిరగకముందే ఎందుకు అమ్మేస్తారో నాకు మొదటి ఏడాదే అర్థమైంది. కొత్తగా పన్నెండు లక్షలకు పైగా ధర పలికిన కారు మూడు లక్షలకు దొరికినప్పుడు మనకు ధర ఒక్కటే కనబడుతుంది. కానీ కారు ధర పడిపోయినా దాని విడిభాగాల ధర పడిపోదు. పన్నెండు లక్షల కారుకు పట్టే షాకప్సర్లే మూడు లక్షల కారుకూ పడతాయి. నాలుగు టైర్లు, ముందు చక్రాలను బండికి కలిపి ఉంచే లోయర్ ఆర్ములు, నాలుగు షాకప్సర్లు, ఇంజన్ మౌంట్లు, బ్రేక్ ప్యాడ్లు కలిపి మొదటి ఏడాది 85,000 రూపాయల దాకా పెట్టాను. ఆ సొమ్ము ముందే వేరుగా ఉంచుకున్నాను కనుక కంగారు పడలేదు. ఉన్నదంతా ఊడ్చి కారు కొన్నవాడు ఆ తరవాత అరిగిన టైర్లతో, శబ్దం చేసే లోయర్ ఆర్ములతో అలాగే తిరుగుతాడు. ప్రమాదకరమైన పాత కారు అలా తయారవుతుంది. బీమా సంగతి కూడా ఇంతే. 1,500 సీసీ దాటిన సొంత కార్లకు థర్డ్ పార్టీ బీమా, అంటే ఎదుటివారికి జరిగే నష్టానికి తప్పనిసరిగా తీసుకోవలసిన బీమా ప్రీమియంను 2022 జూన్‌లో ఏటా 7,897 రూపాయలు చేశారు. అది ఇంజన్ పరిమాణాన్ని బట్టి ఉంటుంది తప్ప కారు పాతబడిందని తగ్గదు.

దీనికంటే ముందు నేను బేరమాడిన ఒక సెడాన్ గురించి కూడా చెప్పాలి. మీటరులో 48,000 అని ఉంది. స్టీరింగ్ చక్రం నున్నగా అరిగి మెరుస్తోంది, క్లచ్ పెడల్ మీది రబ్బరు గీతలు చెరిగిపోయాయి. టైర్ల అంచున ముద్రించి ఉండే నాలుగంకెల సంఖ్యను చూస్తే అవి ఏ వారంలో, ఏ ఏడాది తయారయ్యాయో తెలుస్తుంది. ఆ బండికి అప్పటికే టైర్లు మార్చి ఉన్నారని, అవీ అరిగిపోయాయని అర్థమైంది. సర్వీసు కాగితాలు అడిగితే రేపు, ఎల్లుండి అన్నారు. మీటరు వెనక్కి తిప్పిన బండిని ఒక ఇంజనీరింగ్ పట్టభద్రుడు కష్టార్జితం పెట్టి కొనుక్కుపోయాడని ఆ తరవాత తెలిసి చాలా బాధపడ్డాను. ఈ సంఘటనను ఎందుకు చెప్పానో చివర మనవి చేస్తాను.

పాత కారును పాడుచేసేది కిలోమీటర్ల కంటే కాలం. రబ్బరు నడిచినా నడవకపోయినా ఎండుతుంది. లోయర్ ఆర్మ్ బుష్‌లు, రేడియేటర్ గొట్టాలు, డోర్ బీడింగులు, టైర్లు అన్నీ మన ఎండలకు పగుళ్లిస్తాయి. బ్రేక్ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది, తేమ చేరినకొద్దీ అది తక్కువ వేడికే మరుగుతుంది. అందుకని బండి తిరిగినా తిరగకపోయినా రెండేళ్లకొకసారి మారుస్తాను. వాల్వులను నడిపించడానికి ఈ ఇంజన్‌కు కొంతకాలానికి మార్చవలసిన రబ్బరు టైమింగ్ బెల్టు కాక గొలుసు ఉంది కనుక ఆ ఒక్క ఖర్చూ తప్పింది. ట్యాపెట్ సెట్టింగ్, అంటే వాల్వుల దగ్గర ఉంచవలసిన సన్నని సందు మాత్రం తనంతట తాను సరిపడేది కాదు, కొలిచి సరిచేయించాలి. పట్టించుకోకపోతే ఇంజన్ వెంటనే ఆగదు. నెమ్మదిగా బిగువు తగ్గి, మైలేజీ పడిపోయి, చివరికి వాల్వులు పాడయ్యే దాకా వస్తుంది. ఒకసారి ఒక షెడ్డులో, కంపెనీ సూచించిన పలుచని గేరు ఆయిల్‌కు బదులు మామూలు చిక్కని ఆయిల్ పోశారు. చలికాలం పొద్దున రెండో గేరు పడక గరగరమంది. ఆయిల్ మార్పించగానే సర్దుకుంది. ఆ షెడ్డులో నేర్పులేక కాదు, బండితో వచ్చే పుస్తకాన్ని తెరిచి చూసే అలవాటు లేక అలా జరిగింది. అప్పటి నుంచి ఆ పుస్తకాన్ని, ప్రతి పనికీ తేదీ, మీటరు రీడింగు రాసుకునే నోటుబుక్కును బండిలోనే ఉంచుతున్నాను.

రోజువారీ కారుగా దీనికున్న లోపాలను దాచను. సీట్లు కిందికి ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్న మా అమ్మ ఎక్కేటప్పుడు కంటే దిగేటప్పుడు ఎక్కువ ఇబ్బంది పడుతుంది, ఆమెను ఆస్పత్రికి తీసుకువెళ్లవలసి వస్తే ఆటోనే నయం. ముందు చక్రాలకూ వెనక చక్రాలకూ మధ్య 2,700 మిల్లీమీటర్ల దూరం ఉండి, పొట్ట నేలకు దగ్గరగా ఉండటం వల్ల నలుగురం కూర్చుంటే స్పీడ్ బ్రేకర్ల దగ్గర కింద రాసుకుంటుంది. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ నిర్దేశించిన గుండ్రని స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పు, పది సెంటీమీటర్ల ఎత్తుతో గంటకు 25 కిలోమీటర్ల వేగంలో దాటడానికి వీలుగా ఉండాలి. అలాంటిదాన్ని నా సివిక్ నలుగురితోనూ తాకకుండా దాటుతుంది. కాలనీల్లో జానెడు వెడల్పున సిమెంటు కుప్పపోసి, రంగు కూడా వేయకుండా వదిలేసినవాటిని మాత్రం బండిని ఏటవాలుగా పెట్టి, ఒక్కో చక్రాన్నీ ఎక్కించి దించుకోవలసిందే. పైకి కడిగి మెరిపించిన పాత సెడాన్ కింద సైలెన్సర్ గొట్టం నొక్కుకుపోయి ఉండటం ఇందువల్లనే. కొనేవారు తప్పనిసరిగా బండిని లిఫ్టు మీద పెట్టించి చూడాలి.

ఇప్పుడు కొత్తగా వచ్చిన బెంగ బంకుల్లో 20 శాతం ఇథనాల్ కలిపి అమ్ముతున్న పెట్రోలు. ఆ పెట్రోలుకు తగిన భాగాలతో కార్లు రావడం 2023 నుంచి మొదలైంది. లీటరు ఇథనాల్‌లో ఉండే శక్తి లీటరు పెట్రోలులో ఉండే శక్తిలో మూడింట రెండు వంతులే. కలపని పెట్రోలుకు రూపొందించి పది శాతానికి సరిచేసిన కార్లలో మైలేజీ ఆరు, ఏడు శాతం తగ్గవచ్చని నీతి ఆయోగ్ 2021లో విడుదల చేసిన ప్రణాళికలోనే ఉంది. చెరకు, మొక్కజొన్న రైతుకు మేలు జరుగుతుందంటే ఆ కొద్దిపాటి మైలేజీ నేను వదులుకోగలను. నా ఆందోళన ఇథనాల్‌కు పాడవగల పాత రబ్బరు గొట్టాల గురించి. వాటిని పోయిన వేసవిలో మార్పించాను. పాత వాహనాలు ఇన్ని కోట్లు తిరుగుతున్న దేశంలో పది శాతం మిశ్రమం కూడా బంకుల్లో దొరికేటట్లు చూడటం న్యాయమని నమ్ముతున్నాను.

భద్రత గురించి ఒక మాట. నా కారులో రెండు ఎయిర్‌బ్యాగులు, గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసే ఏబీఎస్ ఉన్నాయి. నేటి కార్లలో ఉండే, బండి జారి అదుపు తప్పకుండా చూసే స్టెబిలిటీ కంట్రోల్ లేదు. వానలో జారితే కాపాడవలసింది మంచి టైర్లు, నా కాలు, నా నిదానం మాత్రమే. 2006 నుంచి 2012 మధ్య తయారైన సివిక్‌లు కొనేవారు, తకాటా సంస్థ తయారుచేసిన లోపమున్న ఎయిర్‌బ్యాగ్ ఇన్‌ఫ్లేటర్ల (ఎయిర్‌బ్యాగును ఉబ్బించే భాగాల) కోసం కంపెనీ బండ్లను వెనక్కి పిలిచిన రీకాల్ కింద తమ బండికి మార్పిడి జరిగిందో లేదో 17 అక్షరాల ఛాసిస్ నంబరుతో తప్పక సరిచూసుకోవాలి. ఆ మార్పిడిని కంపెనీ ఉచితంగా చేస్తుంది. చేతులు మారిన కార్లకు రీకాల్ ఉత్తరాలు పాత యజమాని చిరునామాకే పోతాయి, అందువల్ల ఈ పని చాలా బండ్లకు జరగకుండా ఉండిపోవచ్చు.

ఇక అసలు మనవి. మోటారు వాహనాల చట్టం ప్రకారం సొంత కారు రిజిస్ట్రేషన్ పదిహేనేళ్లు చెల్లుతుంది, ఆపైన ఐదేళ్లకొకసారి రెన్యువల్ చేయించాలి. పదిహేనేళ్లు దాటిన కార్ల రెన్యువల్ రుసుమును 2022 ఏప్రిల్ 1 నుంచి 600 రూపాయల నుంచి 5,000కు పెంచారు. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో 10,000 చేశారు. దీనిపైన పాత వాహనాలకు వేసే హరిత పన్ను ఉంది. 2024లో నా వంతు వచ్చినప్పుడు బ్రేక్ ఇన్‌స్పెక్టర్ గారు ఛాసిస్ నంబరు, లైట్లు, హారన్, పొల్యూషన్ కాగితం ఓపికగా చూశారు. నిబంధన అడిగినంతా ఆయన చేశారు. కానీ చక్రం ఊపి లోయర్ ఆర్మ్ ఆడుతోందా అని చూడటానికి, నాలుగు చక్రాలకూ బ్రేకు సమానంగా పడుతోందా అని కొలవడానికి అక్కడ యంత్రం లేదు. నేను 85,000 పెట్టకుండా, అరిగిన టైర్లతో వెళ్లి ఉన్నా నాకు ఆ కాగితం వచ్చి ఉండేదేమో అన్న అనుమానం నన్ను ఇంకా వదల్లేదు.

రవాణా వాహనాలకు రోలర్ల మీద బ్రేకు కొలిచే, చక్రాలను మోసే సస్పెన్షన్ భాగాలు వదులైతే పట్టుకునే ఆటోమేటెడ్ టెస్టింగ్ స్టేషన్లు వస్తున్నాయి. పదిహేనేళ్లు దాటిన సొంత కార్లను కూడా ఏడాదికో రెండేళ్లకో వాటిలోకి పంపాలి. బ్రిటన్‌లో మూడేళ్లు నిండిన కార్లకు సాధారణంగా ఏటా ఎంఓటీ అనే భద్రతా పరీక్ష ఉంటుంది. అక్కడ నంబరు కొడితే చాలు, ఆ కారు ఏ ఏడాది ఏ కారణంతో పరీక్ష తప్పిందో, ఆ రోజు మీటరు రీడింగు ఎంతో ఎవరైనా చూడవచ్చు. అటువంటి రికార్డు ఇక్కడ ఉంటే 48,000 అని చూపిన ఆ బండి అంత తేలికగా అమ్ముడుపోయేది కాదు. ఢిల్లీ ప్రాంతంలో వయసును బట్టి కార్లను ఆపివేసే నిబంధన పెట్టారు, దానిపై న్యాయస్థానాల్లో ఏళ్లుగా వాదనలు నడిచాయి. అది మన రాష్ట్రానికి చెందినది కాకపోయినా, దాని భయంతో మంచి బండ్లను తుక్కు ధరకు అమ్ముకున్నవారు నాకు తెలుసు. పొగ ఎక్కువ వచ్చే ఏడేళ్ల కారు తిరుగుతూ ఉండగా, పొగ పరీక్షలో పరిమితికి చాలా లోపల ఉండే పదిహేడేళ్ల కారును ఆపడం గాలికీ మేలు చేయదు, ప్రజలకూ మేలు చేయదు.

2029లో నా ఆర్‌సీ గడువు మళ్లీ ముగుస్తుంది. అప్పుడు అడిగే రుసుము ఎంతైనా సంతోషంగా చెల్లిస్తాను. ఆ రోజు నా కారును లిఫ్టు మీదికెక్కించి, కింద నుంచి టార్చిలైటు వేసి చూసి, తప్పు ఉంటే రాసిచ్చి, సరిచేసుకొని రమ్మని వెనక్కి పంపే ఏర్పాటు మా జిల్లా కేంద్రంలో ఉండేటట్లు చూడాలని రవాణా శాఖను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక పాఠకుడు,
హనుమకొండ