శాక్‌విల్‌ది పిరికితనమేనా?

సంపాదకులకు నమస్కారం.

1759 ఆగస్టు 1న జర్మనీలో ఫ్రెంచివారితో జరిగిన మిండెన్ యుద్ధం ప్రస్తావనకు వచ్చినప్పుడల్లా బ్రిటిష్ సేనాని లార్డ్ జార్జ్ శాక్‌విల్‌ను పిరికివాడని ఒక్క మాటతో కొట్టిపారేయడం నాకు బాధ కలిగిస్తోంది. 1745లో ఫాంటెనాయ్ పోరులో తన పటాలాన్ని ముందుండి నడిపి, రొమ్మున గాయపడి ఫ్రెంచివారికి చిక్కిన మనిషి ఆయన.

అయినా మిండెన్‌లో ఆయన చేసిన తప్పు చిన్నదేమీ కాదు. బ్రిటిష్ కాల్బలం ఫ్రెంచి అశ్వికదళాన్ని చెల్లాచెదురు చేసిన వేళ, గుర్రపు దళంతో ముందుకు రమ్మని బ్రిటిష్, జర్మన్ మిత్రసేనల అధిపతి ప్రిన్స్ ఫెర్డినాండ్ ఒకరి వెంట ఒకరిగా దూతలను పంపినా, ఆదేశాలకు పొంతన లేదంటూ ఆయన కాలయాపన చేశారు. ముందుకు కదలబోయిన తన కింది సేనాని గ్రాన్‌బీని సైతం ఆపారు. విచారణను ఆయనే కోరుకున్నారు. ఏ సైనిక పదవికీ ఆయన తగరని 1760లో సైనిక న్యాయస్థానం తేల్చగా, రాజు రెండవ జార్జ్ ఆ తీర్పును పటాలాలన్నిటికీ తెలిసేలా ప్రకటింపజేశారు.

నన్ను అంతకంటే కలవరపెట్టేది తర్వాతి చరిత్ర. అదే వ్యక్తిని 1775లో అమెరికా వ్యవహారాల మంత్రిని చేసి, సముద్రం ఆవల అమెరికా స్వాతంత్ర్య యుద్ధాన్ని బ్రిటన్ తరఫున నడిపే బాధ్యత అప్పగించారు. 1777లో అమెరికాలోని సారటోగా వద్ద బ్రిటిష్ సేనాని బర్గోయిన్ సేన లొంగిపోయినా ఆయన పదవి పోలేదు. పాత తీర్పును ఎత్తిచూపి కొందరు ప్రభువులు అభ్యంతరం చెప్పినా, 1782లో ప్రభువుల సభలో ఆయనకు స్థానం దక్కింది.

– ఒక చరిత్ర పాఠకుడు