ఒకే రోజులో పీసా, సాన్ జిమిన్యానో, సియెనా: నడవని టైమ్‌టేబుల్ అమ్మినందుకు ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,
హైదరాబాద్ కార్యాలయం.

విషయం: జులై 1న ఇటలీలోని ఫ్లోరెన్స్ నుంచి ఆరుగురికి బుక్ చేసిన ప్రైవేట్ గైడెడ్ డే ట్రిప్‌లో సేవా లోపం. రూ. 64,000 వాపసు ఇవ్వాలని వినతి.

అయ్యా,

మా మొదటి మెయిల్‌కు మీరిచ్చిన జవాబు రెండే రెండు వాక్యాలు. ఆ రోజు ట్రాఫిక్ ఎక్కువగా ఉందని, ట్రాఫిక్ ఎవరి చేతుల్లోనూ ఉండదని. ఆ జవాబును మేం ఒప్పుకోవడం లేదు. హైవే మీద మమ్మల్ని నిలబెట్టిన జామ్ ఆ రోజు ఎక్కడా లేదు. మీ వోచర్‌లో ఉన్న టైములనే వరసగా రాసుకుని, పక్కన కిలోమీటర్లు వేసుకుని చూడండి. రోడ్డంతా ఖాళీగా ఉన్నా ఆ ప్రోగ్రాం నడవదు.

వోచర్ ప్రకారం హోటల్ దగ్గర పికప్ 8.30కి, పీసా టవర్ ఎక్కే స్లాట్ 9.30కి. ఫ్లోరెన్స్ నుంచి పీసాకు దాదాపు 85 కిలోమీటర్లు. ఎంత సాఫీగా వెళ్లినా గంటా పావు పడుతుంది. టూరిస్టు వాహనాలు ఆగే పార్కింగ్ నుంచి టవర్ ఉన్న మైదానానికి పది నిమిషాలకు పైగా నడక. టవర్ లోపలికి బ్యాగులు తీసుకెళ్లనివ్వరు, చేతి సంచీతో సహా లాకర్‌లో పెట్టి రావాలి. అంటే 9.30 స్లాట్ అందుకోవాలంటే ఫ్లోరెన్స్‌లో 7.30కే బండి కదలాలి. మీరు పెట్టిన టైముకు బయల్దేరితే ఎవరికైనా ఆ స్లాట్ పోవాల్సిందే. టికెట్ మీద టైము ముద్రించే ఉంది, అది దాటితే లోపలికి పంపరు, డబ్బూ తిరిగి రాదు. మేం మైదానంలోకి అడుగుపెట్టేసరికి 10.30. కౌంటర్‌లో అడిగితే ఆరుగురికీ కలిపి దొరికే తర్వాతి స్లాట్ మధ్యాహ్నం రెండు తర్వాతే అన్నారు.

అదే టికెట్లలో ఇంకో తప్పుంది. 8 ఏళ్ల లోపు పిల్లల్ని పీసా టవర్ ఎక్కనివ్వరు. ఇది టికెట్ అమ్మే చోటే స్పష్టంగా రాసి ఉండే నిబంధన. మా బుకింగ్ ఫారంలో పాప పుట్టిన తేదీ ఉంది, వయసు ఆరు. అయినా పాప పేరున టవర్ టికెట్ కొన్నారు. సమయానికి వెళ్లినా పెద్దవాళ్లలో ఒకరు పాపతో కిందే ఉండిపోవాలి కాబట్టి, ఆరు టికెట్లలో రెండు మొదటి నుంచీ వృథాయే. ఫారం నింపించుకున్నవాళ్లు, టికెట్లు కొన్నవాళ్లు ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదన్నమాట.

పికప్ సంగతి. వోచర్‌లో హోటల్ పేరుంది. ముందురోజు రాత్రి మాత్రం స్టేషన్ పక్కనున్న పియత్సాలే మొంతెలుంగోకు రమ్మని మెసేజ్ పెట్టారు. ఫ్లోరెన్స్ పాతబస్తీ వాహనాల మీద ఆంక్షలున్న జోన్ అని, కెమెరాలు నంబర్ ప్లేటు చూసి జరిమానా వేస్తాయని మాకు తెలుసు. కానీ డ్రైవర్‌తో కలిపి అద్దెకిచ్చే లైసెన్స్ వాహనాలకు ఆ జోన్‌లోకి వచ్చి హోటల్ దగ్గర ఎక్కించుకునే వీలుంటుంది, ప్లేటు వివరాలు ముందుగా నమోదు చేసుకోవాలంతే. ఆ ఒక్క పని చేయకపోవడంతో మోకాళ్ల నొప్పులున్న ఇద్దరు పెద్దవాళ్లు ఆ రాళ్లు పరిచిన వీధుల్లో నడిచి రావాల్సి వచ్చింది. దాంతో ఇరవై నిమిషాలు పోయాయి.

ఇక గైడ్. మా ఫిర్యాదులో అసలు విషయం ఇదే.

వోచర్‌లో "లైసెన్స్ ఉన్న ఇంగ్లిష్ గైడ్, రోజంతా" అని రాశారు. ఇన్‌వాయిస్‌లో దానికి విడిగా రూ. 34,000 వేశారు. వచ్చింది డ్రైవర్ ఒక్కరే. ఆయన మర్యాదస్తుడు, బండి జాగ్రత్తగా నడిపాడు, ఆయన మీద మాకే ఫిర్యాదూ లేదు. అయితే ఇటలీలో టూరిస్ట్ గైడ్ అనేది పరీక్ష పాసై లైసెన్స్ తీసుకుని చేసే వృత్తి. 2023 నాటి 190వ నంబరు చట్టం దానికి జాతీయ స్థాయి రిజిస్టర్ కూడా పెట్టింది. డ్రైవర్ బండిలో కూర్చుని దారిలో కనిపించేవాటి గురించి నాలుగు మాటలు చెప్పవచ్చు గానీ, చర్చిలోకి వచ్చి వివరించడం ఆయన పని కాదు. ఆ మాట ఆయనే నిజాయితీగా చెప్పి పార్కింగ్‌లో ఉండిపోయాడు.

గైడ్ లేకపోతే ఏం పోతుందో మీ ప్లానింగ్ విభాగానికి తెలియాలి కాబట్టి ఒక్క ఉదాహరణ ఇస్తున్నాం. పీసాలో అందరూ టవర్ వైపే చూస్తారు. పక్కనే ఉన్న బాప్టిస్టరీలో (బాప్తిస్మం ఇచ్చే భవనం) 1260 నాటి పాలరాతి ప్రసంగ వేదిక ఉంది, చెక్కినవాడు నికోలా పిసానో. ఆ తర్వాత కొన్నేళ్లకే అదే శిల్పి 1265–68 మధ్య సియెనా కెథెడ్రల్‌లో ఇంకా పెద్దది చెక్కాడు. అక్కడ అతని దగ్గర పనిచేసిన కొడుకు జొవాన్ని, 1302–10 మధ్య పీసా కెథెడ్రల్‌కు మరొకటి చేశాడు. ఈ మూడూ ఒకే రోజు చూడగలిగితే, రాతిలో బిగుసుకుని నిలబడ్డ మనుషులు యాభై ఏళ్లలో ఎలా కదలడం, ఒంగడం, ఏడవడం నేర్చుకున్నారో కళ్లారా తెలుస్తుంది. పీసానూ సియెనానూ ఒకే రోజులో కలపడానికి ఇంతకన్నా మంచి కారణం లేదు. ఆ కారణం చెప్పే మనిషినే మీరు పంపలేదు.

పీసా నుంచి 11.30కి బయల్దేరాం. సాన్ జిమిన్యానో దగ్గర ద్రాక్షతోటలో లంచ్‌కు మీరు పెట్టిన సమయం గంటన్నర. రోజు మొత్తంలో టైము తగ్గకుండా పూర్తిగా జరిగిన స్టాప్ ఇదొక్కటే, అదీ మేం అడగనిది. శాకాహారం అని ఫారంలో రెండు చోట్ల రాశాం. బల్ల మీద పెట్టింది పంది మాంసం ముక్కలు, పెకొరీనో జున్ను, వైన్. పెకొరీనోను మామూలుగా దూడ లేదా గొర్రెపిల్ల కడుపులోంచి తీసే రెన్నెట్ అనే పదార్థంతో విరగ్గొడతారు కాబట్టి కచ్చితమైన శాకాహారులు అదీ తినరు. టమాటా, వెల్లుల్లితో చేసే పీచి పాస్తా ఆ ప్రాంతపు సొంత వంటే, ముందే చెప్పి ఉంటే వండిపెట్టేవారు. సాన్ జిమిన్యానోలో గంట లోపే గడిపాం. ఆ ఊళ్లో ఇప్పటికీ నిలిచి ఉన్న 14 పాతకాలపు టవర్లను కింద నుంచి చూసి వచ్చేశాం.

సియెనా దగ్గరికి వచ్చేసరికి 4.40. ఇక్కడ ట్రాఫిక్ ఉన్న మాట నిజమే. కానీ అది ఆ రోజు ఎందుకు ఉందో, ఏటా ఉంటుందో లేదో చూసుకోవాల్సింది మీరు. సియెనాలో పాలియో గుర్రప్పందెం ఏటా జులై 2న, ఆగస్టు 16న జరుగుతుంది. జులై పందేనికి ముందు జూన్ 29 సాయంత్రం నుంచి ఆరు ట్రయల్ పరుగులు ఉంటాయి. జులై 1 సాయంత్రం జరిగేది అన్నింటికన్నా పెద్దది. ఆల్చిప్పలా వాలుగా ఉండే కాంపో చౌక్ చుట్టూ మట్టి పరిచి ట్రాక్ వేస్తారు, జనం గంటల ముందు నుంచే చేరతారు, రాత్రికి ఒక్కో పేటవాళ్లు వీధుల్లో బల్లలు వేసుకుని విందుకు కూర్చుంటారు. అలాంటి సాయంత్రానికి సియెనాను చివరి స్టాప్‌గా పెట్టి, గంట సమయం ఇచ్చారు. డ్రైవర్ మమ్మల్ని కోటగోడ బయటే దింపాల్సి వచ్చింది. కెథెడ్రల్ దగ్గరికి చేరేసరికి 5.10. వోచర్ చూపించి పాస్‌లు తీసుకునే కౌంటర్ దగ్గర పొడవాటి క్యూ. పది గంటలు దాటితే అదనపు చార్జీ అని మీరు డ్రైవర్‌తో చెప్పించారు కాబట్టి, 5.30కి వెనుదిరిగాం. లోపల అడుగు పెట్టలేదు. ఏడాదిలో కొన్ని వారాలే కప్పి ఉంచినవి తీసి పూర్తిగా చూపించే పాలరాతి నేల ఆ రోజుల్లో తెరిచే ఉంది. 56 చిత్రాలు చెక్కిన ఆ నేలను చూడటానికే జులై తేదీ ఎంచుకున్నామని బుకింగ్ రోజున మీ సిబ్బందికి చెప్పాం.

వరస మారిస్తే ఇదే రోజు చాలావరకు కుదిరేది. 7.30కి బయల్దేరి ముందు సియెనా వెళ్లాలి. ఉదయం ట్రయల్ అయ్యాక జనం పలచబడతారు. అక్కడ కనీసం మూడు గంటలు, మధ్యాహ్నం సాన్ జిమిన్యానో, వేసవిలో పీసా టవర్ సాయంత్రం కూడా తెరిచే ఉంటుంది కాబట్టి చివర పీసా. మా సూటి అభిప్రాయం మాత్రం పీసాను ఈ ప్రోగ్రాంలోంచి తీసేయాలని. ఫ్లోరెన్స్ నుంచి లోకల్ రైలులో గంట ప్రయాణం, ఎవరికి వారు వెళ్లి రావచ్చు. మూడు ఊళ్లూ కలిపితే బండిలోనే నాలుగున్నర గంటలు పోతాయి. పెద్దవాళ్లు వెంట ఉన్న కుటుంబాలకు ఇది అమ్మకూడదు. మీ వెబ్‌సైట్‌లో ఇవాళ్టికీ అదే 8.30 పికప్, అదే 9.30 స్లాట్ కనిపిస్తున్నాయి. దయచేసి వెంటనే మార్చండి. తర్వాతి కుటుంబం కూడా అలాగే టవర్ కింద నిలబడిపోకూడదు.

డబ్బు విషయం. మేం కట్టింది రూ. 1,38,000. మీ ఇన్‌వాయిస్ ప్రకారం వాహనం, డ్రైవర్‌కు 62,000. అది మేం అడగడం లేదు, ప్రయాణం జరిగింది. గైడ్ రాలేదు కాబట్టి 34,000 పూర్తిగా, ఒక్క టికెట్టూ వాడుకోలేకపోయాం కాబట్టి ప్రవేశ టికెట్ల 18,000 పూర్తిగా, లంచ్ 24,000లో సగం 12,000. మొత్తం రూ. 64,000.

24 గంటల లోపు, రాత్రి బస లేని ట్రిప్పులకు యూరప్ ప్యాకేజీ టూర్ల నిబంధనలు వర్తించవని మీరు అనవచ్చు. అది మాకూ తెలుసు. మేం డబ్బు కట్టింది హైదరాబాద్‌లో, మీ సంస్థకు. వినియోగదారుల రక్షణ చట్టం, 2019 ప్రకారం ఇది సేవా లోపం, మేం నివసించే జిల్లా వినియోగదారుల కమిషన్‌లోనే ఫిర్యాదు వేసుకోవచ్చు. ఇటలీలో మీ భాగస్వామి చేసిన తప్పని చెప్పి తప్పుకోవడం కుదరదు, వోచర్ మీద ఉన్నది మీ పేరే. ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా కట్టిన ఖాతాలోకే డబ్బు తిరిగి వేయండి. లేకపోతే ముందు 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో, ఆ తర్వాత కమిషన్‌లో ఫిర్యాదు నమోదు చేస్తాం.

ఇట్లు,
ఆరుగురు ప్రయాణికుల తరఫున

జతపరచినవి: వోచర్, ఇన్‌వాయిస్, వాడని ఆరు టవర్ టికెట్లు, పికప్ మార్పు మెసేజ్, బుకింగ్ ఫారం కాపీ, పీసా పార్కింగ్ రసీదు (10.14).