నాన్నగారికి, మానిటరు గురించి

డబ్లిన్,
12 అక్టోబరు 2025

పూజ్యులైన నాన్నగారికి నమస్కరించి వ్రాయునది.

ఇక్కడ మేము క్షేమం. మీరూ అమ్మా క్షేమమని తలుస్తాను.

మొన్న ఫోనులో మీరు "నో సిగ్నల్ అని చూపించి నల్లబడిపోతోంది, తిరిగి ఇచ్చేస్తాను" అన్నప్పటి నుంచి నా మనసు దాని మీదే ఉంది. కంటి ఆపరేషను తరువాత పాత పత్రికల పీడీఎఫ్‌లను పెద్ద అక్షరాలతో చదువుకోవాలని ఎంత ఆశపడి ల్యాప్‌టాప్‌కు కలుపుకొనేందుకు ఆ మానిటరు కొన్నారో నాకు తెలుసు. తొందరలో చెప్పిన మాటలు మీకు ఉపయోగపడలేదు కనుక, బల్ల మీద పెట్టుకొని చూసుకొనేందుకు వీలుగా రాస్తున్నాను.

తెర మీద ఆ మాటలు కనిపిస్తున్నాయంటే మానిటరుకు కరెంటు అందుతోంది, తెర వెలుగుతోంది. తనకు బొమ్మ అందడం లేదని మాత్రమే అది చెబుతోంది. కాబట్టి దాన్ని అప్పుడే పెట్టెలో సర్దవద్దు.

నా అనుమానమంతా కేబుల్ మీదనే. మీరు టైప్-సి కేబుల్ పెట్టానన్నారు; అది ఫోను ఛార్జరుతో వచ్చినదైతే చాలావరకు బొమ్మ రాదు. అలాంటి కేబుళ్ళలో ఎక్కువ భాగం ఛార్జింగుకూ, యూఎస్‌బీ 2.0 అనే పాత పద్ధతి వేగంతో ఫైళ్ళు పంపడానికీ సరిపడే వైర్లతోనే తయారవుతాయి. బొమ్మను మోసే వైర్లు వాటి లోపల ఉండనే ఉండవు. పైకి మాత్రం రెండు రకాలూ అచ్చం ఒకేలా కనిపిస్తాయి. నేను ఈ ఊరు వచ్చిన కొత్తలో ఇదే పొరపాటు చేసి, లోపం ల్యాప్‌టాప్‌లో ఉందనుకొని రెండు సాయంత్రాలు దానితోనే కుస్తీ పట్టాను. కేబుల్ మార్చిన క్షణంలో బొమ్మ వచ్చింది.

కేబుల్ మంచిదైనా, టైప్-సి పోర్టులు, అంటే ఆ కేబుల్ గుచ్చే రంధ్రాలు, అన్నీ బొమ్మను పంపలేవు. పోర్టు పక్కన బాణం మొనతో ఉండే మెరుపు (థండర్‌బోల్ట్) గుర్తు గానీ, 'డి'లో 'పి' ఇమిడినట్లుండే డిస్‌ప్లేపోర్ట్ గుర్తు గానీ ఉంటే పంపగలదు. ఏ గుర్తూ లేకపోయినా పంపగలిగేవి కొన్ని ఉన్నాయి. మీరు ఈ చిక్కులో పడనవసరం లేదు. మీ ల్యాప్‌టాప్‌కు ఎడమ పక్కన, టీవీలకు ఉండేలాంటి హెచ్‌డీఎంఐ పోర్టు ఉంది, మానిటరు పెట్టెలో హెచ్‌డీఎంఐ కేబుల్ కూడా వచ్చిందన్నారు. దాన్ని రెండు వైపులా చివరి వరకూ నొక్కి పెట్టండి. కలపగానే మానిటరు తన కొలతలనూ, తాను ఎన్ని చుక్కలు చూపగలదో ఆ వివరాలనూ ల్యాప్‌టాప్‌కు చెబుతుంది. మొన వదులుగా ఉంటే ఆ కబురు చేరక, మానిటరు ఉన్నట్లే ల్యాప్‌టాప్‌కు తెలియకపోవచ్చు.

తరువాత మానిటరు అడుగున గానీ వెనక గానీ ఉన్న బటన్లతో 'ఇన్‌పుట్' అన్నచోట, మీరు కేబుల్ పెట్టిన పోర్టు పేరునే ఎంచుకోండి. కేబుల్ హెచ్‌డీఎంఐ 2 అనే పోర్టులో ఉండి, మానిటరు హెచ్‌డీఎంఐ 1 వైపు చూస్తూ ఉంటే, అన్నీ సవ్యంగా ఉన్నా మీకు కనిపించేది అదే నో సిగ్నల్. ఆపైన కీబోర్డు మీద విండోస్ మీటతో పాటు 'పి' నొక్కి 'డూప్లికేట్' ఎంచుకుంటే రెండు తెరల మీదా ఒకటే బొమ్మ వస్తుంది. అప్పటికీ రాకపోతే విండోస్, కంట్రోల్, షిఫ్ట్, 'బి' నాలుగూ కలిపి ఒక్కసారి నొక్కండి. తెర ఒక్క క్షణం నల్లబడి, బొమ్మను పంపే డ్రైవరు అనే ప్రోగ్రాము మళ్ళీ మొదలవుతుంది. తెరిచి ఉంచిన ఫైళ్ళు ఎక్కడికీ పోవు, భయపడవద్దు.

మన తెనాలిలో కరెంటు పోయి వచ్చాక కొన్నిసార్లు మానిటరు మేలుకోకపోవచ్చు. అప్పుడు ప్లగ్గు తీసి, ఒక నిమిషం ఆగి పెట్టండి.

బొమ్మ వచ్చాక మౌసు బాణం ఆగి ఆగి కదిలినట్లు ఉంటే, సెట్టింగ్స్‌లోని అడ్వాన్స్‌డ్ డిస్‌ప్లేలో 30 హెర్ట్జ్, అంటే బొమ్మ సెకనుకు 30 సార్లు మారడం, ఉందేమో చూడండి. మీది 4కె, అంటే చాలా ఎక్కువ చుక్కలు చూపే మానిటరు. 2009 నాటి హెచ్‌డీఎంఐ 1.4 పద్ధతిలో 4కె బొమ్మ సెకనుకు 30 సార్లే మారుతుంది; 60 సార్లు మారాలంటే ల్యాప్‌టాపూ, మానిటరూ, కేబులూ మూడూ 2013లో వచ్చిన హెచ్‌డీఎంఐ 2.0కు తగినవై ఉండాలి. చదువుకోవడానికి 30 అయినా ఇబ్బంది లేదు. అక్షరాలు మరీ చిన్నవైతే, సెట్టింగ్స్‌లోని డిస్‌ప్లేలో 'స్కేల్' 150 శాతం గానీ 200 శాతం గానీ పెట్టండి. మీ కళ్ళకు అదే అన్నిటికంటే ముఖ్యం.

ఇవన్నీ చేసినా తెర నల్లగానే ఉంటే, ఆ హెచ్‌డీఎంఐ కేబుల్‌నే మన హాలులోని టీవీకి కలిపి చూడండి. టీవీలో బొమ్మ వస్తే ల్యాప్‌టాపూ కేబులూ బాగున్నట్టే, అప్పుడు మానిటరును నిశ్చింతగా తిరిగి ఇవ్వవచ్చు. ఏ సంగతైనా చెల్లి చేత ఫొటో తీయించి పంపండి. రాత్రి మీరు మేలుకొని ఉండే వేళకు నేనే ఫోను చేస్తాను. అమ్మకు నా నమస్కారాలు.

ఇట్లు,
మీ కుమారుడు